చీర అమ్మే లైవ్ వేరు, చెక్క గరిటె అమ్మే లైవ్ వేరు

మా అక్క నెల్లూరు దగ్గరి కోవూరులో ఇంటి ముందు గదిలోనే చీరలు అమ్ముతుంది. పాటూరు మగ్గాల మీద నేసినవి కొన్ని, వెంకటగిరి నుంచి తెచ్చుకునేవి కొన్ని. మొన్న దసరాకు ముందు ఇన్‌స్టాగ్రామ్‌లో లైవ్ పెడదామనుకున్నాం. ఇరవై చీరలు ఇస్త్రీ చేయించి, గోడకు తెల్ల దుప్పటి కట్టి, రాత్రి ఎనిమిదిన్నరకు లైవ్ అని మూడు రోజుల ముందు నుంచి వాట్సాప్ స్టేటస్‌లు పెట్టాం. తీరా ఎనిమిది ఇరవైకి ఫోన్‌ను ట్రైపాడ్‌కి బిగించి చూస్తే లైవ్ మొదలు కావడం లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో లైవ్ పెట్టాలంటే అకౌంట్ పబ్లిక్‌గా ఉండాలి, కనీసం 1,000 మంది ఫాలోవర్లు ఉండాలి. 2025 ఆగస్టులో వచ్చిన నిబంధన ఇది. అక్కకు అప్పటికి ఉన్నది ఆరువందల నలభై మంది. ముందే చూసుకోకపోవడం మా తప్పు.

అప్పటికప్పుడు ఫేస్‌బుక్ పేజీలో పెట్టాం. పేజీ పాతది, నూట ఎనభై మంది ఫాలోవర్లు ఉన్నారు కాబట్టి గట్టెక్కాం. చూసింది పదకొండు మంది, అమ్ముడైంది నాలుగు చీరలు. పదకొండు మందేనా అని అక్క బాధపడింది కానీ నాకు మాత్రం ఆ లెక్క నచ్చింది. కొట్టుకు పదకొండు మంది వచ్చి నలుగురు కొంటే ఎవరైనా మంచి బేరమనే అంటారు కదా.

ఆ తర్వాత పచ్చళ్ళు పెట్టే మా మేనత్తకు, ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఒక కుటుంబానికి కూడా లైవ్ పెట్టడంలో తోడున్నాను. ముగ్గురికీ ఒకే యాప్ చెప్పలేదు. ఎందుకో చెబుతాను.

ముందు అడగాల్సిన ప్రశ్న

చాలామంది "ఏ యాప్‌లో జనం ఎక్కువ?" అని మొదలుపెడతారు. నేను అడిగేది వేరు. మీ సరుకు ఆ రాత్రే అయిపోతుందా, వచ్చే ఏడాదీ దొరుకుతుందా?

అక్క చీరలు చాలావరకు సింగిల్ పీసులు. ఇవాళ చూపించిన నెమలికంఠం రంగు చీర రేపటికి ఉండదు. ఆ వీడియో ఏడాది తర్వాత ఎవరో చూసి "ఇది ఉందా అక్కా?" అంటే లేదని చెప్పడం తప్ప చేసేదేమీ లేదు. ఉదయగిరి గరిటె అలా కాదు. అదే గరిటె, అదే చెక్క, అదే పనితనం వచ్చే ఏడాదీ ఉంటుంది. ఇవాళ తీసిన లైవ్ మూడేళ్ళ తర్వాత కూడా ఆర్డర్ తెచ్చిపెట్టవచ్చు. అందుకే లైవ్ అయిపోయాక వీడియో ఏమవుతుందన్నది యాప్ ఎంపికలో అన్నిటికన్నా పెద్ద విషయం.

ఫేస్‌బుక్‌లో 2025 ఫిబ్రవరి నుంచి లైవ్ వీడియోలు 30 రోజులే ఉంటున్నాయి, తర్వాత వాటంతట అవే పోతాయి. ఈలోపు డౌన్‌లోడ్ చేసి దాచుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్ కూడా పూర్తయిన లైవ్‌ను మీ ఆర్కైవ్‌లో 30 రోజులే ఉంచుతుంది. యూట్యూబ్ మాత్రం 12 గంటల లోపు లైవ్ అయితే దాన్ని మామూలు వీడియోలా ఛానెల్‌లో దాచిపెడుతుంది, మీరు తీసేసేదాకా ఉంటుంది. ఎవరైనా వెతికితే దొరుకుతుంది కూడా.

యూట్యూబ్

ఫోన్ నుంచి లైవ్ పెట్టాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు కావాలి. బంధువులు, స్నేహితులు, పాత కస్టమర్లు కలిస్తే వారంలో దాటే సంఖ్య అది. ల్యాప్‌టాప్ వెబ్‌క్యామ్ నుంచి అయితే ఆ యాభై మంది కూడా అక్కర్లేదు. కానీ ఒక చిక్కుంది. ఫోన్ నంబరుతో ఛానెల్‌ను వెరిఫై చేసి, మొదటిసారి లైవ్‌కు అనుమతి అడిగాక అది రావడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. సాయంత్రం లైవ్ పెట్టుకుని మధ్యాహ్నం ఛానెల్ తెరిస్తే కుదరదు. కనీసం మూడు రోజుల ముందే ఆ పని ముగించండి.

ఉదయగిరి కుటుంబానికి నేను యూట్యూబే చెప్పాను. ఉదయగిరి చెక్క గరిటెలకు, స్పూన్లకు జీఐ (ఆ ఊరి ప్రత్యేక వస్తువని ఇచ్చే భౌగోళిక) గుర్తింపు ఉంది. కొండ చుట్టుపక్కల దొరికే నర్ది, దేవదారి లాంటి చెక్కతో చేస్తారు. ఫోర్కు పళ్ళు సన్నగా తీయడం, స్పూను కాడ మీద చెక్కడం ఇవన్నీ చేత్తో చేసే పని. ఫోటోలో చూస్తే అది ఒక మామూలు చెక్క స్పూను. ఎదురుగా కూర్చుని చెక్క ముక్కలోంచి స్పూను ఆకారం బయటికి రావడం చూస్తే మాత్రం ధర అడిగేవాళ్ళ గొంతు మారిపోతుంది. అందుకని వాళ్ళ లైవ్‌లో అమ్మకం మాట పది నిమిషాలే ఉంటుంది, మిగతా నలభై నిమిషాలూ పనే. ఆయన మాట్లాడరు, పని చేసుకుంటూ పోతారు. వాళ్ళమ్మాయి కామెంట్లు చదివి జవాబు చెబుతుంది. "నూనె పట్టించాలా?", "సబ్బుతో కడగొచ్చా?", "ఎన్నాళ్ళు వస్తుంది?" అని జనం అడిగే ప్రశ్నలన్నీ ఆ వీడియోలో ఉండిపోతాయి. తర్వాత ఎవరు ఫోన్ చేసి అవే అడిగినా లింకు పంపితే సరిపోతోంది.

ఇక్కడ టైటిల్ చాలా ముఖ్యం. "ఈరోజు మా లైవ్" అని పెడితే ఎవరికీ దొరకదు. "ఉదయగిరి చెక్క గరిటెలు ఎలా చేస్తారు" అని పెడితే ఆ మాట వెతికేవాళ్ళకు దొరుకుతుంది. లైవ్ అయ్యాక టైటిల్ మార్చుకోవచ్చు, మొదట్లో "వినబడుతోందా, కనబడుతోందా" అంటూ గడిచిన ఐదు నిమిషాలను కత్తిరించేయవచ్చు కూడా.

యూట్యూబ్‌లో లోటు ఏమిటంటే మనం మాట్లాడిన మాట అవతలికి చేరడానికి కొన్ని సెకన్లు ఆలస్యమవుతుంది. "ఈ చీర ఎవరికి?" అని అడిగి వెంటనే జవాబు రావాలనుకునే వేలం తరహా అమ్మకానికి ఇది కాస్త ఇబ్బంది. ల్యాప్‌టాప్ నుంచి పెట్టేవాళ్ళు సెట్టింగ్స్‌లో లేటెన్సీ, అంటే ఈ ఆలస్యాన్ని, తగ్గించుకోవచ్చు. కాకపోతే నెట్ బలహీనంగా ఉంటే అప్పుడు వీడియో ఆగి ఆగి వస్తుంది.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్

ఫేస్‌బుక్‌లో లైవ్‌కు అకౌంట్ తెరిచి 60 రోజులు దాటాలి, పేజీకి లేదా ప్రొఫెషనల్ మోడ్‌లో ఉన్న ప్రొఫైల్‌కు 100 మంది ఫాలోవర్లు ఉండాలి. కొత్తగా కొట్టు పెట్టేవాళ్ళు బోర్డు రాయించే రోజే పేజీ కూడా తెరిస్తే, సరుకు సర్దుకునే లోపు ఆ రెండు నెలలూ గడిచిపోతాయి.

మా అక్క దగ్గర కొనేవాళ్ళలో ఎక్కువ మంది నలభై దాటినవాళ్ళు. కావలి, ఒంగోలు, కందుకూరు వైపు టీచర్లు, గృహిణులు. వాళ్ళు ఫేస్‌బుక్‌లో ఉన్నారు, కామెంట్ పెట్టడం అలవాటు ఉన్నవాళ్ళు, ఒకరినొకరు ట్యాగ్ చేసుకుంటారు. "వదినా ఇది చూడు" అని ఒక్క కామెంట్ పడితే ఇంకో ఇద్దరు లోపలికి వస్తారు. వీడియో నెలకే పోయినా సింగిల్ పీసుల వ్యాపారానికి నష్టం లేదు. పైగా అయిపోయిన చీరల వీడియోలు ఎక్కడా మిగలకపోవడం ఒక రకంగా సుఖం. అందుకే చీరలకు నా ఓటు ఫేస్‌బుక్‌కే.

ఇన్‌స్టాగ్రామ్‌లో వెయ్యి మంది ఉన్నవాళ్ళకు అది బాగుంటుంది. ఇరవైలలో ఉన్న పిల్లలు, బ్లౌజ్ డిజైన్లు, పెళ్ళి మేకప్, కేకులు, ఇలాంటి వాటికి. ఇంకొకరిని మీ లైవ్‌లోకి పిలిచి ఇద్దరూ కలిసి మాట్లాడటం అందులో చాలా తేలిక. వాళ్ళ ఫాలోవర్లకు కూడా మీరు తెలుస్తారు. వెయ్యి మంది లేకపోతే అందాకా రీల్స్ చేసుకోండి, లైవ్ కోసం ఫాలోవర్లను డబ్బిచ్చి కొనకండి. అలా వచ్చిన అకౌంట్లు లైవ్ చూడవు, చీర కొనవు.

అమ్మకం జరిగేది వాట్సాప్‌లో

"నచ్చింది స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేయండి" అనే మాట మన చీరల లైవ్‌లన్నిటిలో వినబడుతుంది. లైవ్‌లోనే నొక్కి కొనే సదుపాయాన్ని కొన్ని దేశాల్లో నడిపి, ఫేస్‌బుక్ 2022 అక్టోబర్‌లో, ఇన్‌స్టాగ్రామ్ 2023 మార్చిలో ఆపేశాయి. అందువల్ల యాప్ ఏదైనా చివరికి అందరూ చేరేది వాట్సాప్‌కే. కాబట్టి లైవ్ చేసే ఫోన్ ఒకటి, ఆర్డర్లు తీసుకునే ఫోన్ ఇంకొకటి ఉండాలి. ఇద్దరు మనుషులు కూడా ఉండాలి. ఒక్కరే చీర చూపిస్తూ, కామెంట్ చదువుతూ, ఎవరు ముందు అడిగారో రాసుకోవడం జరిగే పని కాదు. మా ఇంట్లో అక్క చూపిస్తుంది, బావ నోట్‌బుక్‌లో నంబర్లు రాస్తాడు. ప్రతి చీరకూ ఒక అంకె వేసిన చీటీ పిన్నుతో గుచ్చుతాం. "పదమూడో నంబరు" అంటే ఎవరికీ గందరగోళం ఉండదు.

రెండు జాగ్రత్తలు ఇక్కడే చెప్పాలి. మొదటిది, పేమెంట్ చేసినట్టు స్క్రీన్‌షాట్ పంపితే దాన్ని నమ్మి చీర పక్కన పెట్టకండి. మీ బ్యాంకు యాప్ తెరిచి డబ్బు పడిందో లేదో చూడండి. స్క్రీన్‌షాట్ ఎవరైనా తయారు చేయగలరు. రెండోది ఇంకా బాధ కలిగించేది. లైవ్ నడుస్తుండగానే మీ పేరు, మీ ఫోటో పెట్టుకున్న దొంగ అకౌంట్ కామెంట్లలోకి వచ్చి "ఈ నంబరుకు డబ్బు పంపండి" అని రాస్తుంది. మా అక్క కస్టమర్ ఒకావిడ అలా పన్నెండు వందలు పోగొట్టుకుంది. అప్పటి నుంచి అక్క తన నంబరును అట్టముక్క మీద పెద్దగా రాసి వెనక గోడకు అంటిస్తోంది, పది నిమిషాలకోసారి "గోడ మీద ఉన్న నంబరు తప్ప నాకు ఇంకో నంబరు లేదు" అని నోటితో చెబుతోంది. అదే నంబరు కామెంట్‌గా పెట్టి పిన్ చేస్తాం. ఈ మూడూ చేయండి.

నెట్, వెలుతురు, శబ్దం

యాప్ ఎంపిక కన్నా లైవ్‌ను ఎక్కువగా చెడగొట్టేవి ఇవే. స్పీడ్ టెస్ట్ చేసినప్పుడు అందరూ డౌన్‌లోడ్ అంకె చూసి సంతోషిస్తారు. లైవ్‌కు కావాల్సింది అప్‌లోడ్. 720పీ నాణ్యతకు యూట్యూబ్ చెప్పే బిట్‌రేట్ (సెకనుకు పంపాల్సిన డేటా) సుమారు 4 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 4 మెగాబిట్లు. అప్‌లోడ్ దానికన్నా బాగా పైన ఉండాలి. మీరు లైవ్ పెట్టే చోటే, పెట్టే వేళకే పరీక్షించండి. పగలు పన్నెండుకు చూసి రాత్రి తొమ్మిదికి పెడితే లెక్క తప్పుతుంది, ఆ వేళకు టవర్ మీద అందరూ ఉంటారు. ఇంకో లెక్క: 4 ఎంబీపీఎస్ చొప్పున గంటసేపు పంపితే 1.8 జీబీ అవుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ అయితే యాభై నిమిషాలకే అయిపోతుంది. వైఫై మీద పెడుతుంటే కరెంటు పోయినప్పుడు రౌటర్ కూడా ఆగుతుంది కాబట్టి దానికి ఇన్వర్టర్ లైను ఇప్పించుకోండి. లైవ్ ఫోన్‌లో సిమ్ ఉంటే మధ్యలో కాల్ వచ్చి పాడుచేస్తుంది. డు నాట్ డిస్టర్బ్ పెట్టడం మరవకండి.

చీరల రంగు విషయంలో మేం చాలా నేర్చుకున్నాం. రింగ్ లైట్ ముఖానికి మంచిది కానీ జరీకి మంచిది కాదు, తెల్లగా మెరిసి అంచు డిజైన్ కనబడదు. రామా గ్రీన్ నీలంగా కనబడుతుంది. ఒకావిడ పార్సిల్ విప్పి, "ఏందమ్మా, చూసింది ఒకటి, వచ్చింది ఇంకొకటి" అని ఏడ్చినంత పని చేసింది. తమ్ముడి పెళ్ళికి కొనుక్కున్న చీర అది. అక్క డబ్బు తిరిగిచ్చేసింది. ఇప్పుడు ఖరీదైన చీరలున్న రోజు ఉదయం పదింటికి వరండాలో సహజమైన వెలుతురులోనే లైవ్ పెడుతున్నాం. వెంకటగిరి జాందానీ అయితే చీరను తిప్పి వెనకవైపు కూడా చూపించాలి. చేత్తో నేసిన బుటా వెనకాల కూడా చక్కగా ఉంటుంది. మిషన్ మగ్గం నకలులో కత్తిరించిన దారాలు తేలుతుంటాయి. ఈ ఒక్క పని మన బ్రాండ్ మీద నమ్మకాన్ని పెంచినంతగా ఏ ప్రకటనా పెంచదు.

వెనకాల టీవీ కట్టేయండి. ఒకసారి పక్కగదిలో సినిమా పాట మోగుతూ ఉంది, కాపీరైట్ కారణంగా లైవ్ మధ్యలోనే తెగిపోయింది. పండగ వాతావరణం కోసం పాట పెడదామని చాలామందికి ఉంటుంది. పెట్టకండి. సముద్రం దగ్గర, మైపాడులోనో కొత్తపట్నంలోనో తీయాలనుకునేవాళ్ళు స్పాంజి తొడుగు ఉన్న కాలర్ మైకు తీసుకెళ్ళండి. లేకపోతే గాలి తప్ప మాట వినబడదు.

మన లైవా, వేరేవాళ్ళ లైవా?

సొంత ఛానెల్‌లో చూసేవాళ్ళు లేనప్పుడు జనం ఉన్న చోటికి వెళ్ళడం ఒక దారి. ఇందుకు మన ప్రాంతంలో మంచి ఉదాహరణ ఎడ్ల బండలాగుడు పోటీలు. ఒంగోలు గిత్తల పోటీలను యూట్యూబ్‌లో గంటల తరబడి లైవ్ ఇస్తారు. రైతులు పొలం గట్టు మీద కూర్చుని ఫోన్‌లో చూస్తారు. పశువుల దాణా, విత్తనాలు, ట్రాక్టర్ల కొట్టు నడిపేవాళ్ళు సొంతంగా లైవ్ పెట్టి ఇరవై మందికి మాట్లాడే బదులు, అలాంటి పోటీకి ఒక బహుమతి ఇచ్చి తమ పేరు వినబడేలా చూసుకోవడం మేలని నా అభిప్రాయం. అక్కడ ఉన్నవాళ్ళంతా వాళ్ళ కొట్టుకు రాగలిగినవాళ్ళే.

ఇన్‌ఫ్లుయెన్సర్‌తో లైవ్ చేయించుకునేటప్పుడు ఒక నియమం తెలుసుకోండి. డబ్బు గానీ ఉచిత సరుకు గానీ ఇచ్చి చెప్పిస్తే అది ప్రకటన అని స్పష్టంగా తెలపాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం లైవ్ అయితే ఆ మాట మొదటి నుంచి చివరి దాకా తెర మీద కనబడుతూ ఉండాలి. తప్పుదారి పట్టించే ప్రకటనలకు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద మొదటిసారికే 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. "ఇది యాడ్" అని రాస్తే జనం పోతారేమోనని భయపడేవాళ్ళను చూశాను. మన సరుకు మంచిదైతే పోరు.

పచ్చళ్ళు, హోటళ్ళు, గ్రానైట్

మా మేనత్త పచ్చళ్ళకు యూట్యూబ్, ఫేస్‌బుక్ రెండూ వాడుతున్నాం. ఆమె ఆర్డర్లలో సగం అమెరికాలో ఉన్న మన పిల్లల నుంచి వస్తాయి. అందుకని ఆదివారం ఉదయం ఏడున్నరకు లైవ్. వేసవిలో అయితే అప్పుడు డల్లాస్‌లో శనివారం రాత్రి తొమ్మిది. అన్నం తిని, పిల్లల్ని పడుకోబెట్టి, తీరిగ్గా కూర్చునే వేళ. ఆవకాయ కలిపే రోజు పెట్టే లైవ్ ఏడాదికి ఒక్కటే. ఆవపిండి, కారం, ఉప్పు కొలిచి పోయడం, నూనె డబ్బా మూత తీసి చూపించడం, జాడీ నింపడం, అంతా కెమెరా ముందే. ఆ వీడియో యూట్యూబ్‌లో ఉండిపోతుంది, తర్వాతి నెలల్లో కొత్తవాళ్ళకు అదే పంపుతాం. తినే వస్తువు అమ్మేవాళ్ళు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే నంబరు తీసుకుని సీసా లేబుల్ మీద వేసి, లైవ్‌లో దగ్గరగా చూపించాలి.

రెండు చోట్లా ఒకేసారి రావాలంటే ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్, దానితో పాటు రెండు చోట్లకూ పంపే సర్వీసు కావాలి. నేర్చుకునే ఓపిక ఉంటే మంచిదే. మేమైతే రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టేశాం, పని జరిగిపోతోంది.

నెల్లూరు ట్రంక్ రోడ్డులో హోటల్ నడిపేవాళ్ళు చేపల పులుసు లైవ్ పెడదామా అని నన్ను అడిగారు. వద్దన్నాను. వాళ్ళకు కావాల్సింది రేపు మధ్యాహ్నం భోజనానికి వచ్చే మనిషి. అరగంట లైవ్ కన్నా, పొగలు కక్కే పులుసు దాకను ముప్పై సెకన్లలో చూపించే రీల్ ఆ పని బాగా చేస్తుంది. చీమకుర్తి గ్రానైట్ లాంటి పెద్ద బేరాలకు కూడా బహిరంగ లైవ్ అనవసరం. కొనేవాళ్ళు నలుగురే, ఆ నలుగురికీ వాట్సాప్ వీడియో కాల్ చేసి పలకను ఎండలో తిప్పి చూపిస్తే చాలు.

మొదటిసారి పెట్టేవాళ్ళు ఎవరూ చూడకుండా ఒకసారి ప్రయత్నించండి. యూట్యూబ్‌లో ప్రైవేట్ లేదా అన్‌లిస్టెడ్ (లింకు ఉన్నవాళ్ళకే కనబడేది), ఫేస్‌బుక్‌లో ఓన్లీ మీ, ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రాక్టీస్ మోడ్ ఉన్నాయి. పదిహేను నిమిషాలు పెట్టి, ఆ వీడియోను ఇంకో ఫోన్‌లో మీరే కూర్చుని చూడండి. అక్క అలా చూసుకున్న రోజే తను ప్రతి చీరనూ ఎనిమిది సెకన్లలో మడిచేస్తోందని గమనించింది. ఇప్పుడు ఒక్కో చీరకు రెండు నిమిషాలు కేటాయిస్తోంది. అంచు, పల్లు, బ్లౌజు ముక్క, వెనకవైపు, చివర ధర. గంటకు ఇరవై ఐదు చీరలకు మించి చూపించదు. ఇన్‌స్టాగ్రామ్‌లో వెయ్యి మంది ఈ మధ్యే దాటారు. అయినా శుక్రవారం రాత్రి లైవ్ ఫేస్‌బుక్‌లోనే పెడుతోంది, కొనేవాళ్ళు అక్కడే ఉన్నారు కాబట్టి.